ర్యాంకు కాపాడుకోవాలా, మోకాలు కాపాడుకోవాలా?

సంపాదకుడు గారికి,

పేరున్న బ్యాడ్మింటన్ క్రీడాకారిణి మొదటి రౌండ్‌లో ఓడితే చాలు, 'ఇంటిముఖం', 'మళ్లీ నిరాశే' అని పెద్దక్షరాల్లో వేస్తున్నారు. కిందటి వారం ఆమె ఏ దేశంలో ఆడింది, మోకాలికి ఆ కట్టు ఎందుకుంది అన్న మాట మాత్రం వార్తలో ఎక్కడా కనిపించదు.

ర్యాంకింగ్ ఎలా నడుస్తుందో ఒక్కసారి చూడండి. గడిచిన 52 వారాల్లో ఆడినవాటిలో ఎక్కువ పాయింట్లు తెచ్చిన పది టోర్నీలే లెక్కలోకి వస్తాయి, ఏడాది తిరిగేసరికి పాత పాయింట్లు పోతాయి. నిరుడు ఇదే వారం టైటిల్ గెలిచిన మనిషి ఈసారి గాయంతో ఆగిపోతే ర్యాంకు జారుతుంది, దాంతో సీడింగ్ (పై ర్యాంకువాళ్లు మొదట్లోనే ఒకరికొకరు తగలకుండా డ్రాలో ఇచ్చే స్థానం) పోతుంది, సీడింగ్ లేకపోతే మొదటి మ్యాచ్‌లోనే నంబర్ వన్ ఎదురుపడొచ్చు. పైగా 2023లో మొదలైన క్యాలెండర్ ప్రకారం సింగిల్స్‌లో టాప్ 15, డబుల్స్‌లో టాప్ 10 జోడీలు పెద్ద స్థాయి టోర్నీలైన నాలుగు సూపర్ 1000, వాటి తర్వాతి స్థాయి ఆరు సూపర్ 750 అన్నీ ఆడి తీరాలి, ఇంకో మెట్టు కింది సూపర్ 500లు రెండు అదనం. సరైన కారణం లేకుండా మానేస్తే జరిమానా. ఒలింపిక్ అర్హత ఏడాదిలోనైతే ఈ టెన్షన్ ఇంకా ఎక్కువ. సింగిల్స్‌లో ఒక దేశం నుంచి ఇద్దరు వెళ్లాలంటే ఇద్దరూ టాప్ 16లో ఉండాలి. పదిహేడో ర్యాంకులో ఉన్న అమ్మాయిని డాక్టరు రెస్ట్ తీసుకోమంటే ఎలా తీసుకుంటుంది?

స్పెయిన్ క్రీడాకారిణి కరోలినా మారిన్‌నే తీసుకోండి. రియో ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన ఆమెకు 2019లో కుడి మోకాలు దెబ్బతింది, 2021లో ఎడమ మోకాలు దెబ్బతిని టోక్యో ఒలింపిక్స్ చేజారింది. పారిస్ ఒలింపిక్స్ సెమీస్‌లో మొదటి గేమ్ గెలిచి రెండోదాంట్లోనూ ముందుండగా మళ్లీ కుడి మోకాలే. పట్టీ కట్టుకుని తిరిగి కోర్టులోకి వచ్చింది, రెండు పాయింట్లు ఆడింది, ఇక నిలబడలేక కూలబడి ఏడ్చేసింది. ఆ మ్యాచ్‌లో ప్రత్యర్థి, చైనాకు చెందిన హే బింగ్‌జియావో రజతం అందుకునేటప్పుడు స్పెయిన్ బ్యాడ్జి చేతిలో పట్టుకుని పోడియం ఎక్కింది. ఆ బాధేంటో సాటి క్రీడాకారిణికి తెలుసు.

గాయాలన్నీ క్యాలెండర్ వల్లే అని నేననడం లేదు. 2019లో 11 టైటిళ్లు గెలిచిన జపాన్ ఆటగాడు కెంటో మొమోటాను దెబ్బతీసింది రోడ్డు ప్రమాదం. కానీ కోలుకోవడానికి కావాల్సిన టైమును ఈ పద్ధతి ఎవరికీ ఇవ్వడం లేదు. టాప్‌లో ఉన్నవాళ్లకు కనీసం ఫిజియో, స్పాన్సర్లు ఉంటారు, అరవయ్యో ర్యాంకులో చాలామంది విమానం టికెట్లు సొంతంగా కొనుక్కుని, రెండో రౌండ్‌కే వెనుదిరిగి, ఆ ఖర్చు కూడా రాక ఆట మానేస్తున్నారు. వాళ్ల గురించి ఒక్క వార్త కూడా రాదు.

తప్పనిసరి టోర్నీల సంఖ్యను ప్రపంచ సమాఖ్య తగ్గించాలి. గాయం నుంచి తిరిగొచ్చేవాళ్ల ర్యాంకుకు ఇప్పుడున్న దానికన్నా గట్టి రక్షణ ఇవ్వాలి. మీరు కూడా ఓటమి వార్త వేసినప్పుడు ఆ ప్లేయర్ నెలలో ఎన్ని మ్యాచ్‌లు ఆడి వచ్చిందో ఒక్క వాక్యం చేర్చండి.

ఇట్లు,
మీ పాఠకురాలు