వెనకవైపు ముద్ర

రావులపాలెం

చి. సౌ. పద్మకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ మేమిద్దరం క్షేమం. తెల్లవారుజామున మంచు బాగా పడుతోంది. ఆ వేళకి మీ అమ్మకి మోకాళ్ల నొప్పులు ఎక్కువవుతున్నాయి, డాక్టరు ఇచ్చిన నూనె రాస్తున్నాను. పెరట్లో చక్రకేళి గెల దించాం. నువ్వు థైరాయిడ్ మాత్ర పరగడుపునే వేసుకుంటున్నావా? కాఫీ తాగేసి వేసుకోవద్దని మొన్న కూడా చెప్పాను.

బుజ్జి మూడు ఆదివారాలుగా ఫోన్ చేయలేదు. పరీక్షలన్నావు. సరే, తొమ్మిదో తరగతికీ ఇప్పుడు చదువు ఎక్కువే.

రమణ కొత్తింటికి స్లాబ్ వేశాడు. ఇంటి పన్ను కట్టేశాను, రసీదు నీ పెట్టెలోనే పెట్టాను. శారద పిన్ని వచ్చి రెండు రోజులుండి వెళ్లింది. మాటల్లో చెప్పింది, బుజ్జి ఫోన్లో నువ్వేదో యాప్ వేశావని, వాడి మెసేజ్‌లన్నీ నీ ఫోన్లో కనబడతాయని, ఆ సంగతి వాడికి తెలియదని. వాడు స్నేహితుడికి రాసుకున్న మెసేజ్ ఒకటి చదివి వినిపించింది కూడా. అది ఆవిడ దాకా ఎలా వచ్చిందని నేను అడగలేదు. మీ అమ్మ లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

నీ భయం నాకు అర్థం కాక రాయడం లేదమ్మా. ఆటలో పరిచయమైన ముక్కూ మొహం తెలియనివాడు ఫొటోలు అడగడం, ఆ ఫొటోలతోనే పిల్లల్ని బెదిరించడం, ఇవన్నీ పేపర్లో చదువుతూనే ఉన్నాను. పద్నాలుగేళ్లవాణ్ణి గాలికి వదిలేయమని నేననను. అల్లుడుగారు టూర్లలో ఉంటారు, నువ్వు ఆఫీసు నుంచి ఎనిమిదింటికి వస్తావు. నీకు టెన్షన్ ఉంటుంది. సరిగ్గా తింటున్నావో లేదో.

నీకు ఎప్పుడూ చెప్పని మాట ఒకటుంది. నీకు తెలుసనే అనుకుంటాను.

1998 ఏప్రిల్. నీ ఎంసెట్ ఇంకా కాలేదు. మనం పెంకుటింట్లో ఉన్నాం. ఆ రోజు మా పోస్టాఫీసులో ప్యాకర్ సెలవు, బస్తా నేనే విప్పి ఉత్తరాలకు తేదీ ముద్రలు వేస్తున్నాను. నీ పేరు మీద ఒక కవరు వచ్చింది. పంపినవారి చిరునామా లేదు, కాకినాడ ముద్ర, లావుపాటి అక్షరాలు. మగపిల్లాడి రాతలా అనిపించింది. అప్పటికి నా సర్వీసు ఇరవై నాలుగేళ్లు. ఎంతోమంది ఉత్తరాలు ఈ చేతుల మీదుగా వెళ్లాయి, ఒక్కటి విప్పలేదు. ఆ కవరు మాత్రం జేబులో పెట్టుకున్నాను. రాత్రి మీరంతా పడుకున్నాక టీ గిన్నెలో నీళ్లు మరగబెట్టి ఆవిరి పట్టాను. మడత ఒక మూల నుంచి మెల్లగా లేచింది.

రాసింది నీ స్నేహితురాలు వసంత. చదువు మాన్పించేస్తున్నారని, సంబంధం ఖాయం చేశారని, ఎవరికీ చెప్పొద్దని నీకు ఒట్టు పెట్టింది. నీకంటే నాలుగు నెలలు చిన్న. నేను జిగురు రాసి అంటించి, మర్నాడు మధ్యాహ్నం నీ చేతికిచ్చాను. నువ్వు కవరు తిప్పి చూశావు. వెనక మన ఆఫీసు ముద్ర ముందురోజు తేదీతో ఉంది. అలవాటుగా నేనే వేసిన ముద్ర. ఆఫీసు నుంచి ఇంటికి ఐదు నిమిషాల నడక, ఉత్తరానికి ఒక రోజు పట్టింది. నువ్వు నా మొహంకేసి చూసి లోపలికి వెళ్లిపోయావు.

ఆ తర్వాత నీ పేరు మీద ఉత్తరాలు రాలేదు. అవే లావుపాటి అక్షరాలు, కాకినాడ ముద్ర, చిరునామా మాత్రం మీ స్నేహితురాలు లక్ష్మి వాళ్లిల్లు. నా బల్ల మీద నుంచే వెళ్లేవి. ముద్ర వేసి పోస్ట్‌మ్యాన్‌కి ఇచ్చేవాణ్ణి.

అంతకంటే పెద్ద తప్పు ఇంకొకటి. వసంత వాళ్ల నాన్నతో నాకు పరిచయం ఉంది. ఆఫీసు పని మీద కాకినాడ వెళ్లినప్పుడు ఇంటికి వెళ్లి, పద్దెనిమిది నిండని పిల్లకి పెళ్లేమిటండీ అని అడగగలిగేవాణ్ణి. అడిగితే నీకెలా తెలిసిందని అందరూ నన్నడుగుతారు. అందుకని నోరు మూసుకున్నాను. జూన్‌లో ఆ పిల్ల పెళ్లి అయిపోయింది. దొంగతనంగా తెలుసుకున్నది పిల్లలకు ఎందుకూ సాయపడదు పద్మా. రేపు బుజ్జి ఆపదలో ఉన్నట్టు ఆ యాప్‌లో చూశావనుకో, వాడి దగ్గరికి వెళ్లి ఏమని మొదలుపెడతావు?

అప్పట్లో ఉన్న 1898 నాటి మా పోస్టాఫీసు చట్టంలో ఉద్యోగి ఉత్తరం విప్పితే రెండేళ్ల దాకా జైలు ఉండేది, అది 53వ సెక్షన్. 69వ సెక్షన్ బయటివాళ్ల గురించి. అందులో మైనర్ పిల్లల ఉత్తరాన్ని తల్లిదండ్రులు విప్పితే ఆ సెక్షన్ వర్తించదని ఉండేది. నీకప్పటికి పద్దెనిమిది నిండలేదు. తండ్రిగా తప్పు లేదని నాకు నేను చెప్పుకున్నాను. 2023లో వచ్చిన డేటా చట్టం కూడా పద్దెనిమిది లోపువాళ్ల వ్యక్తిగత వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతే అడగమంటోంది. చట్టం ఒప్పుకుంటే పిల్లలు కూడా ఒప్పుకున్నట్టు కాదు.

చిరునామా దొరకని ఉత్తరాన్ని మా డిపార్ట్‌మెంట్లోనూ విప్పేవారు. దానికి నియమించిన ఆఫీసరు ఉండేవాడు. చిరునామా కోసం చూసేవాడు, లోపలి సంగతి బయటపెట్టకూడదు. నువ్వు చూడాల్సి వస్తే అలా చూడు. శారదకి చెప్పకు.

ఆ యాప్ తీసేసి, తీసేశానని వాడికి చెప్పు. ఎందుకు వేశావో కూడా చెప్పు. వాడు అరుస్తాడు, అరవనీ. గూగుల్ వాళ్ల ఫ్యామిలీ లింక్ ఉందిగా, దాన్ని వాడి ఎదురుగానే పెట్టు. ఎంతసేపు చూశాడో, ఏ యాప్‌లు వేసుకున్నాడో తెలుస్తుంది, మెసేజ్‌లు చదవడానికి ఉండదు. రాత్రి పదింటికి ఫోన్లన్నీ హాల్లో పెట్టండి, నీదీ అల్లుడుగారిదీ కూడా. ఎవరైనా ఆన్‌లైన్లో డబ్బు కాజేస్తే ఫోన్ చేయాల్సింది 1930కి, పిల్లలకి ఏ కష్టమొచ్చినా 1098కి. ఫ్రిజ్ మీద రాసి అంటించు. ఏం జరిగినా ముందు అమ్మకి చెప్పొచ్చు, కొట్టదు అని వాడికి అనిపించాలి. పోయినసారి ఫోన్ పగిలినందుకు నువ్వు వారం రోజులు మాట్లాడలేదు. అలా చేయకమ్మా. చాలా చెప్పేశాను, కోపం తెచ్చుకోకు.

రిజిస్టర్డ్ పోస్టుని స్పీడ్ పోస్టులో కలిపేశారు కదా, ఇది స్పీడ్ పోస్టులోనే పంపుతున్నాను. ఆత్రేయపురం పూతరేకులు పెట్టాను, బెల్లంవి పైన, పంచదారవి కింద. మీ అమ్మ నాలుగు రోజుల్లో తినేయమంది.

డబ్బాలో ఒక చిన్న కవరు ఉంది. బుజ్జి పేరు రాశాను. అంటించాను. వాడి చేతికే ఇవ్వు.

ఇట్లు,
నాన్న