ఆకాశ పటం మన అక్షాంశానికి గీయాలి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం పిల్లల పేజీలో గ్రీకు పురాణ కథ, పక్కనే ఆ నెల ఆకాశ పటం వేస్తున్నారు. పగలు చదివిన వీరుణ్ణి రాత్రి డాబా ఎక్కి చుక్కల్లో వెతుక్కునే వీలుంది కాబట్టి ఇది మంచి ఆలోచన. అందుకే ఆ పటం విషయంలో పట్టుబట్టి రాస్తున్నాను. నవంబరులో వేసిన పటం శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పిల్లలకు పనికిరాదు. అందులో ఉత్తరపు అంచున పెద్ద ఎలుగుబంటి, అంటే మన సప్తర్షి మండలం, ఏడు చుక్కలతో నిండుగా ఉంది. కాసియోపియా రాణి నడినెత్తిన ఉంది. రాత్రి 8 గంటలకు చూడమన్నారు. ఆ వేళకు ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా ఎక్కడ నిలబడి చూసినా సప్తర్షుల్లో ఒక్కరూ పైన ఉండరు. రాణి ఉత్తరానికి కాస్త తూర్పుగా సగం ఎత్తులో ఉంటుంది. మీరు వేసింది ఐరోపాలో 50 డిగ్రీల అక్షాంశం దగ్గరి వాళ్ల కోసం గీసిన పటం.

లెక్క తేలికే. ఏ ఊరి నుంచి చూసినా ధ్రువ నక్షత్రం ఎన్ని డిగ్రీల ఎత్తులో ఉంటే ఆ ఊరి అక్షాంశం దాదాపు అంత. శ్రీకాకుళానికి 18.3, విజయనగరానికి 18.1. చేయి బారుగా చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు ఇంచుమించు 10 డిగ్రీలు. అంటే మనకు ధ్రువుడు నేల అంచు నుంచి రెండు పిడికిళ్లకు కాస్త తక్కువ ఎత్తులో ఉంటాడు. ఏథెన్సులో నాలుగు పిడికిళ్లు, లండన్‌లో అయిదు. ధ్రువుడి చుట్టూ ఆ ఎత్తుకు లోబడి తిరిగే చుక్కలే ఎన్నడూ అస్తమించవు. మన దగ్గర ఆ వలయం 18 డిగ్రీలే. సప్తర్షులు ధ్రువుడికి 28 నుంచి 41 డిగ్రీల దూరంలో ఉన్నారు. కాబట్టి మనకు వాళ్లు ఉదయిస్తారు, అస్తమిస్తారు. నవంబరు నడుమ ఏడుగురూ పైకి వచ్చేసరికి రాత్రి రెండున్నర దాటుతుంది. కార్తీకంలో రాత్రి ఎనిమిది, తొమ్మిది గంటల ముహూర్తాలకు అరుంధతి కనిపించకపోవడానికి కారణం కూడా ఇదే. ఏప్రిల్ నెలలో అయితే అదే వేళకు ఉత్తరాన బాగా ఎత్తులో కనిపిస్తుంది.

ఈ తేడా తెలియకపోతే గ్రీకు కథ కూడా సగమే అర్థమవుతుంది. కాలిస్టో ఆర్కేడియాకు చెందిన వేటకత్తె, ఆర్టెమిస్ దేవత పరివారంలోది. దేవతల రాజు జ్యూస్ వల్ల ఆమెకు ఆర్కాస్ అనే కొడుకు పుట్టాడు. జ్యూస్ భార్య హేరా పగబట్టి ఆమెను ఎలుగుబంటిగా మార్చింది. జ్యూస్ ఆ ఎలుగుబంటిని తీసుకెళ్లి ఆకాశంలో పెట్టాడు. హేరా అప్పటికీ శాంతించక, సముద్రాన్ని ఏలే ఓషియానస్, టెథిస్‌ల దగ్గరకు వెళ్లి, దాన్ని ఎన్నడూ నీళ్లలో స్నానానికి దిగనివ్వబోమని మాట తీసుకుంది. కథలో ఈ భాగం ఊరికే పుట్టలేదు. గ్రీసు నుంచి చూస్తే ఆ చుక్కలు సముద్రంలో మునగవు. ప్రాచీన గ్రీకు కవి హోమర్ కూడా స్నానం లేనిది ఆ ఎలుగుబంటి ఒక్కటే అన్నాడు. భూమి ఇరుసు దిశ నెమ్మదిగా మారుతున్నందువల్ల ఇవాళ ఏథెన్సులో తోక చివరి చుక్క కొద్ది సేపు మునుగుతోంది. హోమర్ కాలంలో అదీ మునిగేది కాదు. మన జిల్లాల్లో మాత్రం ఎలుగుబంటి మొత్తం రోజూ నేల చాటుకు పోతుంది. పిల్లలకు ఈ రెండూ పక్కపక్కన చెప్పి చూడండి. భూమి గుండ్రంగా ఉందనే పాఠం, పురాణం ఎలా పుడుతుందనే పాఠం రెండూ ఒకేసారి వచ్చేస్తాయి.

కాసియోపియాకూ ఇదే జరిగింది. తన కూతురు ఆండ్రోమెడా సముద్ర కన్యల కంటే అందగత్తె అని గొప్పలు చెప్పుకున్నందుకు సముద్ర దేవుడు పొసైడన్ ఆ రాణిని సింహాసనంతో సహా ఆకాశంలో కట్టి పడేశాడు. ధ్రువుడి చుట్టూ తిరుగుతూ సగం కాలం తలకిందులుగా వేలాడాలన్నది శిక్ష. గ్రీసులో ఆమె అస్తమించదు గనుక ఆ తలకిందుల భంగిమ అందరికీ కనబడుతుంది. ఇక్కడ తలకిందులయ్యే సరికి ఆమె నేల కింద ఉంటుంది. మనకు కనిపించేది నిటారుగా కూర్చున్న రాణి. ఆ అయిదు చుక్కలు ఉత్తరాన ఎత్తుకు చేరినప్పుడు ఆంగ్ల అక్షరం ‘ఎమ్’లా ఉంటాయి. మీ పటంలో ‘డబ్ల్యూ’లా గీసి అలాగే వెతకమన్నారు. పిల్లలు దాన్ని పోల్చుకోలేరు.

ఇక మీ పేజీలో వేసిన పెర్సియస్ అనే వీరుడి కథలో తప్పులు రెండు. బొమ్మలో పెర్సియస్ రెక్కల గుర్రం పెగాసస్ ఎక్కి ఆండ్రోమెడాను కాపాడుతున్నాడు. ప్రాచీన గ్రీకు కథలో అతనికి గుర్రం లేదు. అతనికి ఉన్నవి వనదేవతలు ఇచ్చిన రెక్కల చెప్పులు, కనిపించకుండా చేసే హేడీస్ టోపీ, మెడూసా అనే రాక్షసి తల నరికాక దాచుకునే సంచి. వాటితో పాటు హెర్మిస్ ఇచ్చిన వంకర కత్తి, ఎథీనా ఇచ్చిన డాలు. మెడూసా కళ్లలోకి చూస్తే రాయి అయిపోతారు కాబట్టి మెరిసే డాలులో ఆమె ప్రతిబింబం చూస్తూ తల నరికాడు. పెగాసస్ పుట్టిందే ఆ తెగిన మెడలోంచి. ఆ గుర్రాన్ని లొంగదీసుకుని ఎక్కినవాడు బెల్లెరోఫోన్. ఎథీనా ఇచ్చిన బంగారు కళ్లెం వేసి, ముందు సింహం, నడుమ మేక, వెనక పాము అయిన కిమేరాను గుర్రం మీంచి చంపాడు. ఈ ఇద్దరినీ కలిపేసింది ఎన్నో వందల ఏళ్ల తర్వాతి చిత్రకారులు, ఆ పైన సినిమాలు. రెండో తప్పు, ఆండ్రోమెడా మీదకు వచ్చిన సముద్ర జంతువును క్రాకెన్ అని రాయడం. క్రాకెన్ నార్వే నావికుల కథల్లోది. గ్రీకుల జంతువు పేరు కీటస్. ఆ పేరుతోనే ఒక రాశి ఆకాశంలో ఉంది.

నవంబరు నడుమ రాత్రి 8 గంటలకు ఈ కుటుంబమంతా మన పైనే ఉంటుంది. మన అక్షాంశానికి ఇదొక వరం. పెగాసస్ చతురస్రం దాదాపు సరిగ్గా నడినెత్తికి వస్తుంది. మంచం నాలుగు కోళ్లలా దూరదూరంగా ఉండే ఆ చుక్కలే మన పూర్వాభాద్ర, ఉత్తరాభాద్ర. ఈశాన్యపు కోడు ఆండ్రోమెడా తల. అక్కడి నుంచి ఈశాన్యంగా చుక్కల వరుస సాగుతుంది. ఆమె నడుము దగ్గర మిరాక్ అనే ఎర్రటి చుక్క. మిరాక్ దగ్గర ఉత్తరానికి మళ్లి రెండు చిన్న చుక్కలు దాటితే, చీకటి ఊళ్లలో, పొగమరక లాంటి వెలుగు కంటికి ఆనుతుంది. అదే ఆండ్రోమెడా గెలాక్సీ. ఆ వెలుతురు బయలుదేరి 25 లక్షల ఏళ్లయింది. వరుస చివర ఆల్మాక్, దాని అవతల పెర్సియస్. ఉత్తరాన కాసియోపియా, ఆమెకు పడమరగా భర్త సీఫియస్. ఆగ్నేయంలో కీటస్.

పెర్సియస్ చేతిలో మెడూసా తలగా గీసే చుక్క ఆల్గాల్. పిల్లలు పరికరం ఏదీ లేకుండా స్వయంగా పరిశోధన చేయదగ్గ చుక్క ఇదే. అక్కడ ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే రెండు నక్షత్రాలు ఉన్నాయి. 2 రోజుల 20 గంటల 49 నిమిషాలకు ఒకసారి మసక నక్షత్రం ప్రకాశవంతమైనదానికి అడ్డం వస్తుంది. మామూలు రోజుల్లో ఆల్గాల్ వెలుగు ఆల్మాక్‌తో సమానం, అంటే 2.1 తరగతి (ఈ అంకె పెరిగే కొద్దీ వెలుగు తగ్గినట్టు). అడ్డం వచ్చినప్పుడు 3.4కు పడిపోయి, పెర్సియస్‌లోనే ఉన్న 2.9 తరగతి చుక్క ఎప్సిలాన్ కంటే మసకబారుతుంది. దిగడానికి దాదాపు 5 గంటలు, తిరిగి ఎక్కడానికి మరో 5 గంటలు పడుతుంది. రోజూ ఒకే వేళకు చూసి ‘ఆల్మాక్‌తో సమానం’, ‘తక్కువ’, ‘ఎప్సిలాన్ కంటే తక్కువ’ అని నోటు పుస్తకంలో రాసుకుంటే చాలు. ఒక శుక్రవారం రాత్రి 9 గంటలకు కనిష్ఠం పట్టుకుంటే తర్వాతిది సోమవారం సాయంత్రం 5:49కి. అంటే మూడేసి రోజులకు 3 గంటల 11 నిమిషాలు ముందుకు జరుగుతుంది. అందుకే కొన్నాళ్లకు కనిష్ఠం పగటి వేళల్లో పడి, చూసేవాళ్లు ఇక మార్పే లేదనుకుని మానేస్తారు. మళ్లీ రాత్రిలోకి వచ్చేదాకా పట్టు విడవకూడదు. ఈ క్రమాన్ని 1783లో లోకానికి చెప్పినది జాన్ గుడ్రిక్ అనే ఇంగ్లండు కుర్రవాడు. అప్పటికి అతనికి ఇరవై ఏళ్లు లేవు, చెవులు వినబడవు.

కృత్తికల గురించి మీ పేజీ ఒక్క వాక్యంతో సరిపెట్టింది. మన పల్లెల్లో పిల్లలకోడి అనే ఆ చుక్కల గుంపు గ్రీకులకు అట్లాస్ కూతుళ్లు. ఏడుగురు అక్కచెల్లెళ్లు, వెంటపడే వేటగాడు ఓరియన్ నుంచి తప్పించుకుని ఆకాశానికి చేరారు. మామూలు కంటికి కనిపించేది ఆరుగురు. ఏడో ఆమె మెరోపీ, దేవతను కాక మామూలు మనిషి సిసిఫస్‌ను పెళ్లాడిందనీ, ఆ చిన్నతనంతో ముఖం చాటేసిందనీ వాళ్లు చెప్పుకున్నారు. మన భారతంలో సప్తర్షుల భార్యలు ఏడుగురు. ఆరుగురు భర్తలను ఎడబాసి కృత్తికలై కుమారస్వామికి తల్లులయ్యారు. ఏడో ఆమె అరుంధతి వశిష్ఠుడి పక్కనే ఉండిపోయింది. రెండు చోట్లా లెక్క ఏడు, కనబడేది ఆరు. కార్తీక మాసం చీకటి పడగానే కృత్తికలు తూర్పున లేస్తాయి, అప్పటికి అరుంధతి నేల చాటున ఉంటుంది. తప్పు పటంలో సప్తర్షులను గీసేస్తే మన పిల్లలకు ఈ ముచ్చట చెప్పే అవకాశమే పోతుంది.

ఓరియన్ భూమి మీద జంతువులన్నిటినీ చంపేస్తానని విర్రవీగితే భూదేవి గాయా తేలును పంపింది. అందుకే తేలు లేచేసరికి ఓరియన్ దిగిపోతాడని కథ. గ్రీసులో అది కళ్ల ముందే జరుగుతుంది. మన దగ్గర తేలు ఇంకాస్త ముందే లేస్తుంది. ఏప్రిల్ నెలాఖరున రాత్రి 9:15 ప్రాంతంలో, అడ్డం లేని చోట, పడమర అంచున ఓరియన్ ఎర్రని భుజం ఆరుద్ర, ఆగ్నేయం వైపు అంచున తేలు గుండె జ్యేష్ఠ కొద్ది నిమిషాలు ఒకే ఎత్తులో కనిపిస్తాయి. పైగా ఏథెన్సులో నేలకు దగ్గరగా పాకే తేలు కొండి, మన మూల, ఇక్కడ మూడు పిడికిళ్లకు మించి ఎత్తుకు వస్తుంది.

దక్షిణం సంగతీ చెప్పాలి. జేసన్, అతని తోటి వీరులు బంగారు ఉన్ని కోసం కొల్కిస్‌కు వెళ్లిన ఓడ ఆర్గో. ప్రాచీన ఖగోళ శాస్త్రజ్ఞుడు టాలెమీ నమోదు చేసిన 48 రాశుల్లో అదొకటి. మరీ పెద్దదని తర్వాతివాళ్లు దాన్ని ముక్కలు చేశారు. ఆ ఓడ చుక్కాని మీద మెరిసేది కానోపస్, మన అగస్త్యుడు. ఇప్పుడు ఏథెన్సు నుంచి అది కనబడదు. మనకు ఫిబ్రవరి నెలాఖరున రాత్రి 8 గంటలకు దక్షిణాన 19 డిగ్రీల ఎత్తులో నిలుస్తుంది. కళింగపట్నం తీరంలో లైట్‌హౌస్ వెలుగుకు వీపు పెట్టి నిలబడితే సముద్రం మీదే కనిపిస్తుంది. ఐరోపా పటంలో ఆ చుక్కే ఉండదు.

మీరు చేయాల్సింది పెద్ద పని కాదు. పటాన్ని 18 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి, నెలలో 15వ తేదీ రాత్రి 8 గంటలకు గీయించండి. చుక్కలు నెలకు రెండు గంటలు ముందుకు జరుగుతాయి కాబట్టి అదే పటం ఒకటో తేదీన 9 గంటలకు, నెలాఖరున 7 గంటలకు సరిపోతుందని కింద రాయండి. 3.5 తరగతి కంటే మసక చుక్కలు వేయకండి. అవి ఊళ్లో వీధి దీపాల వెలుగులో కనబడవు, పటం చుక్కలతో నిండిపోయి పిల్లలు తికమకపడతారు. గ్రీకు పేరు పక్కనే మన నక్షత్రం పేరు ఉండాలి. పటాన్ని తల మీదకు ఎత్తి పట్టుకోవాలని తప్పకుండా చెప్పండి. నేల మీద పరిచి చూస్తే తూర్పు పడమరలు తారుమారై కనిపిస్తాయి. టార్చికి ఎర్ర కాగితం చుట్టుకోమనండి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మనకు మబ్బులే. ఆ నాలుగు నెలలు పటం మానేసి, ఆ చోటు బెల్లెరోఫోన్, హెరాక్లీస్ కథలకు ఇవ్వండి.

డిసెంబరు పటం అచ్చుకు పంపే ముందు స్కేలు తీసుకోండి. గుండ్రటి పటం నడుమ నుంచి అంచుకు 9 సెంటీమీటర్లుంటే ధ్రువ నక్షత్రం ఉత్తరపు అంచుకు దాదాపు 1.8 సెంటీమీటర్ల లోపల ఉండాలి. 5 సెంటీమీటర్లు లోపలికి ఉంటే ఆ పటం మన జిల్లాలది కాదు, వేయకండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
టెక్కలి, శ్రీకాకుళం జిల్లా