శని, ఆదివారం ఫుట్‌బాల్ మ్యాచ్‌లు: టీమ్ మారుతుంది

అందరికీ నమస్తే. శనివారం సాయంత్రం 4కి ఒక మ్యాచ్, ఆదివారం పొద్దున్న 7కే ఇంకోటి. రెండూ మన విజయనగరం అయోధ్యా మైదానంలోనే.

90 నిమిషాలు పరిగెత్తిన కాళ్లు పూర్తిగా కోలుకోడానికి రెండుమూడు రోజులు కావాలి. మనకున్నది ఒక్క రాత్రి! అందుకే ఆదివారం వింగర్లు (అంచుల్లో ఆడేవాళ్లు), మిడ్‌ఫీల్డర్లు మారతారు. గోలీ, సెంటర్ బ్యాక్‌లు (గోల్ ముందు మధ్యలో అడ్డుకునేవాళ్లు) మాత్రం వాళ్లే. వాళ్ల మధ్య కుదిరిన జోడీ నేను చెడగొట్టలేను.

"2015-16లో ఇంగ్లండ్ క్లబ్ లెస్టర్ టీమ్‌ని పెద్దగా మార్చకుండానే అక్కడి ప్రీమియర్ లీగ్ కొట్టింది కదా" అంటారేమో. నిజమే, కానీ వాళ్లకి చాలావరకు వారానికి ఒకటే మ్యాచ్.

బెంచీ మీద కూర్చోబెట్టారని అలగొద్దు.

కండరాలు పట్టేసినవాళ్లు దాచకుండా శుక్రవారం రాత్రి 9లోగా నాకు చెప్పండి. మిగతావాళ్లు వచ్చేదీ రానిదీ ఇక్కడే పెట్టండి.

షిన్ గార్డులు ఎవరివి వాళ్లే తెచ్చుకోండి. పోయినసారి ఒక్క జతనే ముగ్గురు మార్చుకున్నారు, ఆ రొటేషన్ వద్దు బాబూ!