గోలీ గీత దగ్గర గొడవలు ఆపుదామండి

నిన్న మన స్కేటింగ్ హాకీలో అవతలి జట్టువాడు గోలీ (గోల్‌కీపర్) ముందుండే సున్నం గీత తొక్కాడని సగం మంది, తొక్కితే ఏమైందని సగం మంది అరుచుకుని ఆట చెడగొట్టారు. భీమవరంలో ఐస్ ఎక్కడిది, మనది సిమెంటు మీద చక్రాల స్కేట్లే, అయినా రూలు ఐస్ హాకీదే పెట్టుకున్నాం కదా. ఎన్‌హెచ్‌ఎల్‌లో (ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్) అప్పట్లో పక్ (ఆడే బిళ్ళ) కంటే ముందు గోల్ కొట్టే జట్టువాడు గీత లోపల కాలు పెడితే గోల్ రద్దు. 1999 ఫైనల్లో డాలస్ ఆటగాడు బ్రెట్ హల్ కాలు లోపల పెట్టి కొట్టిన గోల్ మీద రచ్చయ్యాక, తర్వాతి సీజన్‌కి ఆ రూలు ఎత్తేశారు. ఇప్పుడు చూసేది గోలీ కదలికకి అడ్డుపడ్డారా అన్నదే. స్టిక్‌తో గోలీ గ్లవ్‌ని పట్టి ఉంచితే గోల్ లేదు. డిఫెండరే మిమ్మల్ని వెనక నుంచి లోపలికి నెట్టేస్తే, మీరు తప్పుకోవాలని చూశారంటే, గోల్ చెల్లుతుంది. తేల్చేది రిఫరీ, గట్టు మీద కొబ్బరిబొండాం తాగే బాబాయిలు కాదండోయ్! వచ్చే ఆదివారం విజిల్ ఎవరు పట్టుకుంటారో ఇక్కడే చెప్పండి.