తెనాలి అర్చకస్వామిగారికి మా ఇంటిల్లిపాది కృతజ్ఞతలు

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో మా తాతగారి ఇల్లు కొట్టుకుపోయింది. ఇంట్లోవాళ్లు బతికి బయటపడ్డారు గానీ మా ముత్తాతగారు రాసిన తాళపత్రాల పెట్టె పోయింది. ఆయన కవి అని చెప్పుకోవడమే తప్ప చూపించడానికి ఒక్క ఆకు కూడా మిగల్లేదు. మా నాన్నకు కంఠతా వచ్చిన రెండు పద్యాలే మాకు దక్కిన ఆస్తి.

పోయిన నెల తెనాలి నుంచి ఫోన్. "మీ ముత్తాతగారి శతకం మా ఇంట్లో ఉంది బాబూ, వచ్చి చూసుకోండి" అన్నారు ఎనభై దాటిన అర్చకస్వామి. వాళ్ల నాన్నగారు మా ఊరి గుళ్లో అర్చకత్వం చేసే రోజుల్లో ఉత్సవాల్లో చదవడానికని ఆ కట్ట అడిగి తీసుకున్నారట. తర్వాత తెనాలి వచ్చేస్తూ వెంట తెచ్చుకున్నారట. ఈమధ్య ఒక పెళ్లిలో మా ఇంటిపేరు వినబడితే, పట్టుబట్టి మా నంబరు కనుక్కున్నారు.

పసుపు గుడ్డ విప్పితే రెండు చెక్కల మధ్య 61 ఆకులు. స్వామిగారు దీపం మసిలో చుక్క నూనె కలిపి ఒక ఆకు మీద వేలితో అద్ది, మెత్తటి గుడ్డతో తుడిచారు. అంతవరకూ ఉత్త గీతల్లా ఉన్నవి నల్లటి అక్షరాలై తేలాయి. పదానికీ పదానికీ ఎడం లేదు. ప్రాస పట్టుకుని ఆగి ఆగి చదివి వినిపించారు. ఒకచోట ఒక మాట కొట్టేసి పైన ఇంకో మాట ఉంది. "నకలు రాసినవాళ్లు ఇలా మార్చరు, ఇది కవిగారి చెయ్యే" అన్నారు. ఆ ఆకు మీంచి నాన్న చాలాసేపు కళ్లు తిప్పుకోలేదు.

చివరి ఆకులో పాత రాతప్రతుల్లో తరచూ కనిపించే శ్లోకమే ఉంది: నన్ను నీటి నుంచి కాపాడు, కట్టు వదులు కానివ్వకు అని పుస్తకమే అడుగుతుంది. స్వామిగారి ఇంట్లో తండ్రి తర్వాత కొడుకు ఆ మాట నిలబెట్టారు. ఏటా మూలా నక్షత్రం నాడు కట్ట విప్పి, నీడన ఆరబెట్టి, నిమ్మగడ్డి నూనె రాసి మళ్లీ కట్టేవారట. ఎవరైనా వస్తారన్న నమ్మకం ఏముంది వాళ్లకు?

పూటంతా కూర్చుని ప్రతి ఆకునూ రెండు వైపులా ఫోటో తీసిచ్చిన స్వామిగారి మనవరాలికీ, మాకు కడుపునిండా అన్నం పెట్టిన అమ్మగారికీ మనస్ఫూర్తిగా నమస్కారాలు. కట్ట తీసుకెళ్లమన్నా, మీ దగ్గరే ఉండనివ్వండని నాన్నే చేతులు జోడించారు.

నాన్న చదివే పద్యంలో మూడో పాదం దగ్గర ఎప్పుడూ గణం తప్పేది. ఆకులో అసలు పాదం దొరికింది. డెబ్బై నాలుగేళ్ల వయసులో, తిరుగు ప్రయాణమంతా ఆ పాదాన్నే వల్లె వేసుకుంటూ వచ్చారు.