చికాగో ఫోటోలు అందాయి

సికింద్రాబాద్,
జనవరి 9.

చి.ల.సౌ. లలితకు నాన్న ఆశీర్వదించి రాసేది. ఇక్కడ మేమంతా క్షేమం.

మూడో అంతస్తు మూర్తిగారి అబ్బాయి శుక్రవారం డాలస్ బయలుదేరుతున్నాడు. మీ అమ్మ ఎలాగో అతని పెట్టెలో కాస్త చోటు సంపాదించింది. సున్నుండలూ నువ్వుండలూ ఉసిరికాయ పచ్చడీ పోగా మిగిలిన సందులో ఈ ఉత్తరం పెడుతున్నాను. ఫోనులో చెప్పవచ్చు కదా అంటావు. ఫోను ఎత్తితే కదా! ఎత్తడం లేదని నిష్ఠూరమాడటం లేదు. "పనిలో ఉన్నాను, రాత్రికి చేస్తాను" అని రాశావు. ఏ రాత్రికో రాయలేదు, అంతే. సెలవుల తర్వాత ఆఫీసులో పని పేరుకుపోతుందని నాకు తెలియదా. దాని గురించి కాదు ఈ ఉత్తరం. ఊరికే రాస్తున్నాను.

చికాగో ఫోటోలు అందాయి. టీవీకి ఎక్కించి చూశాం. అన్నిటిలోకీ మంచు పలకలు తేలుతున్న నది ఫోటో నాకు నచ్చింది. ఆ నది ఒకప్పుడు అటు కాదు, ఇటు పారేది. మిషిగన్ సరస్సులో కలిసేది. ఊరి మురుగంతా నదిలోకి, నది సరస్సులోకి, ఆ సరస్సు నుంచే మళ్ళీ ఊరికి తాగునీరు. ఇక జబ్బులకు కొదవేముంది. చివరికి 45 కిలోమీటర్ల కాలువ తవ్వి నదినే వెనక్కి తిప్పారు. 1900 జనవరి 2న ఆ కాలువలోకి నీళ్ళు వదిలారు. దిగువనున్న మిస్సోరీ రాష్ట్రం, మీ మురుగు మా మీదికి తోస్తారా అని సుప్రీంకోర్టుకెక్కి ఓడిపోయింది. ఎగువ, దిగువ తగవు ఏ దేశమైనా ఒకటే. నీటిపారుదల శాఖలో బతుకంతా గడిపిన నాకు ఆ వంతెన మీద నిలబడే యోగం లేదు, మీకు దక్కింది. ఈ సంగతి అల్లుడు కిరణ్‌కు తెలిసే ఉంటుంది, నీకూ చెప్పే ఉంటాడు. ఆ వంతెన మీద మీరిద్దరూ ఒకేసారి నిలబడి ఉంటే.

ఎందుకంటున్నానంటే, వంతెన మీద నువ్వు ఒక్కదానివే ఉన్నావు. మ్యూజియం మెట్ల దగ్గర, మెడలో పచ్చటి ఆకుల దండ వేసిన కంచు సింహం పక్కన అతనొక్కడే ఉన్నాడు. ఒకరిని ఒకరు తీసుకుంటే అలాగే వస్తాయి, అది నాకు తెలుసు. మీ అమ్మకు కూడా అదే చెప్పాను. కానీ పండుగ సెలవుల్లో అంత జనం తిరిగే ఊళ్ళో, "కాస్త ఒక ఫోటో తీసిపెట్టండి" అంటే తీసేవాళ్ళే లేరా?

ఆ పెద్ద అద్దాల చిక్కుడుగింజ సంగతి కూడా చూశాను. మిలీనియం పార్కులోది, క్లౌడ్ గేట్ దాని అసలు పేరు. చేసిన అనీష్ కపూర్ ముంబయిలో పుట్టినవాడే. 168 స్టీలు పలకలు అతికి, అతుకన్నది కనిపించకుండా నునుపు పట్టారట. ఇంజనీరుగా దండం పెట్టాలి. దాని ముందు నువ్వు నిలబడితే, ఫోటో తీసిన మనిషి కూడా ఆ అద్దంలో కనిపించాలి కదా. టీవీలో పెద్దది చేసి చూశాను. ఎర్ర టోపీ పెట్టుకున్న ఎవరో ఫోను పట్టుకుని ఉన్నారు. అల్లుడికి ఎర్ర టోపీ ఉందా? ఉంటే సరే. నాకు తెలియక అడిగాను.

క్రిస్మస్ బజారులో బూటు ఆకారపు కప్పు బాగుంది. అందులో ఉన్నది చాక్లెట్టు పాలే అనుకుంటున్నాను. బల్ల మీద ఒక్క కప్పే కనిపించింది. పోనీలే, అక్కడ ధరలు కూడా అలాగే ఉంటాయి.

ఆ సింహాలున్న మ్యూజియం ఏమిటో తెలుసా? 1893 సెప్టెంబరు 11న వివేకానందస్వామి మాట్లాడింది ఆ భవనంలోనే. అంతకు ముందు, అదే ఏడాది ఫిబ్రవరి 13న, ఇక్కడ మన సికింద్రాబాద్ మహబూబ్ కాలేజీలో మాట్లాడాడు, తాను పాశ్చాత్య దేశాలకు ఎందుకు వెళుతున్నాడో చెబుతూ. నువ్వు చిన్నప్పుడు సైకిలు మీద ఆ గేటు ముందు నుంచే ట్యూషనుకు వెళ్ళేదానివి. ఇక్కడి గేటు చూసిన పిల్ల అక్కడి మెట్లు కూడా చూసిందంటే నాకెంత సంతోషమో చెప్పలేను. మెట్ల దాకా వెళ్ళి లోపలికి వెళ్ళలేదంటే మాత్రం నాకు చెప్పవద్దు. ఆ మహానుభావుడు కూడా యోకొహామా నుంచి వాంకూవర్ దాకా ఓడలో వెచ్చటి బట్టలు లేక వణికిపోయాడు. అది ఎండాకాలం. మీరు వెళ్ళింది డిసెంబరు ఆఖరున.

ఆ వారమంతా నా ఫోనులో హైదరాబాదు తీసేసి చికాగో వాతావరణం పెట్టుకున్నాను. ఒక రోజు మైనస్ 10 చూపించింది. 1985 జనవరిలో ఆ ఊళ్ళో మైనస్ 33 దాకా పడిందట, దానితో పోలిస్తే మీది వసంతకాలం. అయినా గాలి సంగతి వేరు. మన ఒంటి వేడికి చర్మం చుట్టూ పలచటి గాలి పొర వెచ్చబడి ఉంటుంది. సరస్సు మీది నుంచి వచ్చే గాలి దాన్ని ఎప్పటికప్పుడు ఊడ్చుకుపోతుంది. అందుకే లావుపాటి కోటు ఒకటి వేసుకుని ఆర్భాటంగా తిరగడం కాదు, పలచటివి రెండు మూడు పొరలు వేసుకోవాలి. లోపలిది నూలుది కాకూడదు. చెమట పడితే అది తడిసి అక్కడే ఉంటుంది, ఇంకా చలి వేస్తుంది. ఫోటోలో నీ కోటు గుండీలు పెట్టుకోలేదు. మఫ్లరు మెడకు కాకుండా భుజానికి ఉంది. మీ అమ్మ టీవీ దగ్గరికి వెళ్ళి వేలు పెట్టి చూపించింది. నీ పెదవులు పగిలాయనీ, మొహం పీక్కుపోయిందనీ అంది. గది హీటరుకు గాలి ఎండిపోతుంది, అందువల్లనే అని నేనన్నాను. "హీటరుకు కళ్ళు ఉబ్బుతాయా?" అని అడిగింది. దానికి నేనేం జవాబు చెప్పను?

అన్నట్టు, కామేశ్వరి అత్తయ్య మొన్న వచ్చింది. దాని మోకాళ్ళు ఇప్పుడు నయం. నేపర్‌విల్‌లో శ్రీను ఇల్లు మారాడట, పెద్ద ఇల్లట. మాటల్లో మాటగా, శ్రీను వాళ్ళింటికి మన అల్లుడు భోజనానికి వచ్చాడని చెప్పింది. ఒక్కడే వచ్చాడట. నీకు తలనొప్పిగా ఉందని చెప్పాడట. నువ్వేమో ఆ రోజు మీ అమ్మకు "బావ వాళ్ళింటికి వెళ్ళాం, పప్పు బాగా చేశారు" అని రాశావు. తలనొప్పితో పప్పు రుచి ఎలా తెలిసిందా అని మీ అమ్మ ఆలోచిస్తోంది. నేను ఆలోచించడం లేదు. కామేశ్వరి చెప్పే సంగతుల్లో సగం తీసేయాలని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఏ సగం అన్నదే తేలదు. చికాగో నుంచి నేపర్‌విల్ దాదాపు యాభై కిలోమీటర్లు, ఆ చలిలో అతను రైల్లో ఒక్కడే వెళ్ళి వచ్చాడే అని మాత్రం అనిపించింది. ఈలోపు హోటల్లో నువ్వు ఏం తిన్నావు?

చలి అంటే సిమ్లా గుర్తొచ్చింది. పెళ్ళయిన ఏడాది డిసెంబరులో ఎల్‌టీసీ మీద, అంటే ఆఫీసువాళ్ళిచ్చే సెలవు ప్రయాణపు ఖర్చు మీద, వెళ్ళిన సంగతి నీకు ముక్కలు ముక్కలుగానే తెలుసు. మొత్తం చెబుతాను, నీకు తీరిక ఉన్నప్పుడు చదువుకో. ఏపీ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, ఇప్పుడు దాన్నే తెలంగాణ ఎక్స్‌ప్రెస్ అంటున్నారు, ముందు ఆగ్రాలో దిగాం. ఒక హోల్డాలు, రెండు పెట్టెలు, రామం బాబాయి దగ్గర అరువు తెచ్చిన ఓవర్‌కోటు, మీ నాయనమ్మ కట్టిచ్చిన పులిహోర. ఏ రోజు ఏ గంటకు ఎక్కడుండాలో అంతా కాగితం మీద గీతలు గీసి రాసుకున్నాను. మీ అమ్మ దాన్ని చూసి "ఇందులో ఊపిరి పీల్చుకోవడానికి ఎప్పుడు రాశారు?" అంది. అప్పుడే నాకు తెలిసి ఉండాల్సింది, మనిషి సామాన్యురాలు కాదని.

పొద్దున్నే తాజ్‌మహల్‌కు వెళితే తాజ్‌మహల్ లేదు. టికెట్టు ఉంది, గేటు ఉంది, కట్టడం లేదు. అంతా పొగమంచు. ఒక గంట ఆగుదాం, ఎండ వస్తే కనిపిస్తుంది అంది మీ అమ్మ. ఢిల్లీ రైలు పదకొండుకు, రాత్రికి కాల్కా మెయిలు అందుకోవాలి, కాగితం మీద అలాగే ఉంది. బయలుదేరదీశాను. స్టేషనుకు వచ్చాం. రైలు రాలేదు. పన్నెండయింది, ఒంటిగంటయింది, రాలేదు. ఇంతలో ప్లాట్‌ఫారం మీద పల్లీలమ్మేవాడొకడు వచ్చి, "తాజ్ చూశారా బాబూ? ఇప్పుడే ఎండ వచ్చింది, ముత్యంలా మెరుస్తోంది" అన్నాడు. వాడు నోరు మూసుకుని పల్లీలు అమ్ముకుంటే ఈ కథే లేదు. మంచుకు రైలు ఆగిపోతే అది నా తప్పెలా అవుతుంది? ఇప్పటికీ మీ అమ్మను అడుగుతూనే ఉన్నాను.

ఆ క్షణం నుంచి మాట బంద్. అలగడం అంటే తిండి మానేసి మూల కూర్చోవడం అనుకునేవు, అదేం లేదు. పులిహోర పెట్టింది. ఆకు నా వైపు నెట్టి కిటికీలోంచి బయటికి చూసింది. కాల్కా మెయిలు కూడా ఆలస్యమే కాబట్టి అందింది. తెల్లవారి కాల్కాలో చిన్న రైలు ఎక్కాం. 1903లో వేసిన లైను అది. 96 కిలోమీటర్లు, వందకు పైగా సొరంగాలు. అన్నిటిలోకీ పెద్దది 33వ సొరంగం, బరోగ్ దగ్గర, 1143 మీటర్లు. దాని గురించి అక్కడ ఒక కథ చెబుతారు. బరోగ్ అనే ఇంజనీరు కొండకు రెండు వైపుల నుంచీ తవ్వించుకుంటూ వస్తే, మధ్యలో రెండూ కలవలేదట. ఆయనకు ఒక రూపాయి జరిమానా వేశారట. ఆ అవమానం భరించలేక ప్రాణం తీసుకున్నాడంటారు. తర్వాత పక్కన ఇంకొకటి తవ్వారు, ఇప్పుడు రైలు వెళ్ళేది అందులోంచే. ఈ కథంతా మీ అమ్మకు చెప్పాను. వినిపించనట్టు కూర్చుంది. దీనికీ మీకూ సంబంధమేమీ లేదు, సివిల్ ఇంజనీరింగు సంగతి కాబట్టి రాశాను.

బరోగ్ స్టేషనులో దిగి రెండు టీలు, రెండు కట్‌లెట్లు తెచ్చాను. రెండు కట్‌లెట్లూ తనే తినేసింది. అప్పుడు నాకు కాస్త ధైర్యం వచ్చింది. సిమ్లాలో రిడ్జ్ మీద, పసుపు రంగు చర్చి ముందు, ఫోటోలు తీసేవాడు పట్టుకున్నాడు. నిలబడ్డాం. అప్పుడు మీ అమ్మ, ఆగ్రా తర్వాత మొదటిసారి, నోరు తెరిచి "ఆ మంకీ క్యాప్ తీసేయండి" అంది. తీసేశాను. చెవులు గడ్డకట్టాయి. షోకేసులో నీ స్కూలు కప్పుల వెనకున్న ఫోటో అదే. అమ్మ మూతి ఎందుకలా ఉందని నువ్వు అడిగేదానివి, ఎండ కళ్ళలో పడిందని చెప్పేవాణ్ణి. ఎండ లేదు, ఏమీ లేదు. ఫోటోకు నిలబడటానికి ఇద్దరూ మాట్లాడుకుంటూ ఉండనవసరం లేదని నా ఉద్దేశం.

సలహాలు ఇవ్వనని మీ అమ్మకు మాటిచ్చాను. అందువల్ల ఇది సలహా కాదు. నువ్వు ఫ్లోరిడా అన్నావనీ, అతను మంచు పడే ఊరే కావాలన్నాడనీ నవంబరులోనే చెప్పావు. విశాఖ పిల్లవాడు, పుట్టి బుద్ధెరిగాక ఉక్కపోత తప్ప చూడలేదు, మంచు మీద మోజు ఉండటం వింత కాదు. నీకు చలి పడదు, చిన్నప్పుడు వీధి చివర ఐస్‌క్రీం బండి గంట వినిపిస్తేనే గొంతు పట్టేసేది. ఒకరి సరదా కోసం ఒకరు వెళ్ళినప్పుడు, వెళ్ళినట్టే ఉండాలి. నీ కోసమే వచ్చాను చూడు అని గంటకోసారి గుర్తు చేయకూడదు. అతనైనా సరే, ఇంత ఖర్చు పెట్టి తెచ్చాను, నవ్వవేం అనకూడదు. రోజుకు పది చోట్లు రాసుకోకుండా, ఒక పూట ఏ పనీ లేకుండా ఉంచుకోవాలి. వేళకు తినాలి. సగం తగాదాలు ఆకలివే, ఆ విషయం కాపురం మొదలుపెట్టిన ఏ జంటకూ ఎవరూ చెప్పరు. పోట్లాట వస్తే హోటల్ గదిలోనే తేల్చుకోవాలి, బంధువులింటికి ఒక్కరు వెళ్ళకూడదు. వెళితే కామేశ్వరికి తెలుస్తుంది. కామేశ్వరికి తెలిస్తే కాకినాడ దాకా తెలుస్తుంది. చూశావా, సలహా ఇవ్వనంటూనే పేజీ నింపేశాను. నచ్చకపోతే ఈ ముక్క వదిలేసి చదువు.

ఫిబ్రవరిలో కెనడా, క్విబెక్ అని ఏదో అంటున్నాడట కదా అల్లుడు. అది చికాగోను మించిన చలి. వెళ్ళాలనుకుంటే వెళ్ళండి, నేను వద్దనను. మడమ దగ్గర గట్టి పట్టు ఉన్న బూట్లు కొనుక్కో. గడ్డకట్టిన నేల మీద పెద్ద అంగలు వేయకు, చేతులు జేబుల్లో పెట్టుకుని నడవకు. జారితే ఆనుకోవడానికి చేతులు కావాలి, లేదా పక్కన మనిషి ఉండాలి.

పార్సిలు సంగతి. సున్నుండలు నీకు, నువ్వుండలు అతనికి, తారుమారు చేయకు. భోగినాడు నలుగు పెట్టుకోవడానికి పిండి చిన్న పొట్లంలో ఉంది, అది శనగపిండి అనుకుని బజ్జీలు వేయకు. కొబ్బరినూనె సీసా మీ అమ్మ పెట్టింది, అక్కడ గడ్డకడుతుంది, గోరువెచ్చటి నీళ్ళలో ఉంచితే కరుగుతుంది. మూర్తిగారి అబ్బాయి ఆదివారం మీ ఇంటికి తెచ్చి ఇస్తానన్నాడు. ఇద్దరూ ఇంట్లో ఉండండి, అతనికి కాఫీ ఇవ్వండి. వెళ్ళి వచ్చాక అతను మాకు ఫోను చేస్తానన్నాడు. నేనేమీ అడగమని చెప్పలేదు.

ఉసిరికాయ పచ్చడి సీసా మూత నేనే బిగించాను, పైన టేపు కూడా చుట్టాను. అది నీ వల్ల కాదు. కత్తి పెట్టి తిప్పకు, వేలు తెగుతుంది. కిరణ్ చేత తీయించు.

ఆశీస్సులతో,
నాన్న