పక్క టేబుల్ అన్నకు కృతజ్ఞతలు

శనివారం రాత్రి కొండాపూర్‌లో కొత్తగా తెరిచిన బార్ అండ్ రెస్టారెంట్‌కి ఫ్రెండ్సంతా వెళ్లాం. చికెన్ మెజెస్టిక్ తింటూ నవ్వుతున్న మావాడికి ముక్క గొంతులో అడ్డుపడింది. మాట లేదు, దగ్గు కూడా రావట్లేదు. ఎవరో నీళ్లు పట్టబోతే మీరు పరుగున వచ్చి వద్దన్నారు. వాణ్ని ముందుకు వంచి, రెండు భుజాల మధ్య వీపు మీద గట్టిగా 5 సార్లు చరిచారు. అయినా రాలేదు. వెనకనుంచి పట్టుకుని, బొడ్డుకు కాస్త పైన పిడికిలి పెట్టి లోపలికి, పైకి నొక్కారు. ముక్క బయటపడింది! పొట్ట నొక్కాను కాబట్టి డాక్టరుకి చూపించమని కూడా మీరే చెప్పారు. చూపించాం, బాగున్నాడు. ఆ టెన్షన్‌లో మీ పేరైనా అడగలేదు. అన్నా, మీకు చేతులెత్తి మొక్కుతున్నాం. వాళ్లమ్మ మిమ్మల్ని భోజనానికి పిలవాలంటోంది, దయచేసి ఒక్క మెసేజ్ పెట్టండి.